కరెంటు రంపమా? పెట్రోలు రంపమా?



మన తాతల కాలంలో చెట్టు పడగొట్టాలంటే గొడ్డలి, పడిన మానును కోయాలంటే ఇద్దరు చెరొక వైపు నిలబడి లాగే పెద్ద రంపం ఉండేవి. పెద్ద మామిడి మానును ముక్కలు చేయడం రోజుల పని. ఇప్పుడు అదే పనిని చైన్ రంపం ఒక్క పూటలో చేసేస్తోంది. కోనసీమ కొబ్బరి తోటల్లో, కడియం చుట్టుపక్కల దొడ్లలో, మెట్ట ప్రాంతపు సరుగుడు, జామాయిల్ తోటల్లో దాని రొద వినిపిస్తూనే ఉంటుంది. మన హాస్టళ్ళలో చదువుకునే వారిలో చాలామంది తండ్రులు, అన్నలు ఈ చెట్టు కోత పనికి వెళ్ళేవారే. సొంత మిషను ఉంటే రోజు కూలికి పోకుండా గుత్తకు పని మాట్లాడుకోవచ్చునన్న ఆశతో డ్వాక్రా అప్పు తీసి కొనే కుటుంబాలూ ఉన్నాయి. అప్పుడు ఇంట్లో చదువుకుంటున్న వాడిని అడిగే ప్రశ్న ఒకటే: "ఒరే అబ్బాయ్, కరెంటుది కొనమంటావా, పెట్రోలుది కొనమంటావా?"

దుకాణంలో అడిగితే ఇన్ని సీసీలు, ఇన్ని వాట్లు అని చెబుతారు. కానీ మన ప్రాంతంలో అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మనకు పని తగిలేది ఎక్కడ, ఏ రోజున? ఆ చోట, ఆ రోజున కరెంటు ఉంటుందా? ఈ వ్యాసంలో ఆ సంగతినే కొంచెం వివరంగా చూద్దాం.

ముందు పుట్టింది కరెంటుదే

చాలామంది పెట్రోలు రంపమే మొదటిదనీ, కరెంటు రంపం ఈమధ్య వచ్చిన చిన్న వస్తువనీ అనుకుంటారు. నిజానికి జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు 1926లో తయారు చేసిన మొదటి చైన్ రంపం కరెంటుతో నడిచేదే. దాని బరువు 64 కిలోలు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గాని లేచేది కాదు. కలప నరికేది అడవిలో, కరెంటు ఉండేది ఊళ్ళో. అందుకని 1929లో ఆయనే పెట్రోలుతో నడిచే రంపం చేశాడు. అది 46 కిలోలు. అంటే మనం ఇప్పుడు తల గోక్కుంటున్న ప్రశ్న ఆ యంత్రం పుట్టిన మూడేళ్ళకే దాన్ని చేసిన వాడికీ వచ్చిందన్న మాట.

ఈ రంపానికి ఉన్న చైను గురించి కూడా ఒక ముచ్చట ఉంది. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒక మోడులో పురుగు తొలుచుకుంటూ పోవడం గమనించాడు. ఆ పురుగు తన రెండు దవడలను కుడికీ ఎడమకీ ఆడిస్తూ, కర్ర ఎటు ఉన్నా సులభంగా తినుకుంటూ పోతోంది. దాన్ని చూసి ఆయన కుడి పన్ను, ఎడమ పన్ను మార్చి మార్చి ఉండే చైను తయారు చేశాడు. ఇప్పుడు మనం చూసే చైన్లన్నీ ఆ పద్ధతివే. కొబ్బరి చెట్టును తినే పురుగును మనం తిట్టుకుంటాం గానీ, రంపానికి పళ్ళు ఎలా ఉండాలో నేర్పింది ఒక పురుగే.

తీగ పొడవు, ఓమ్ నియమం

కరెంటు రంపంలో ఉండేది మన మిక్సీలో ఉండే మోటారు వంటిదే, కాస్త పెద్దది. 1,800 నుంచి 2,400 వాట్ల దాకా ఉంటుంది. మీట నొక్కితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. పొగ లేదు, తాడు లాగే పని లేదు. పెట్రోలుతో పోలిస్తే చప్పుడు చాలా తక్కువ. బరువు నాలుగైదు కిలోలు. ధర కూడా పేరున్న కంపెనీ పెట్రోలు రంపం ధరలో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది. ఇన్ని సుగుణాలున్నప్పుడు దాన్నే కొంటే పోలేదా అనిపిస్తుంది. చిక్కంతా దాని తోకలో ఉంది.

మనం పదో తరగతిలో చదివిన పాఠం ఇక్కడ పనికివస్తుంది. 2,000 వాట్ల రంపానికి 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు కావాలి. ఫ్యానుకు, సెల్ ఛార్జరుకు వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అందులో పెడితే ప్లగ్గు కాలుతుంది. గ్రైండరుకో మోటారుకో వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. ఇంటి పక్కనే పని అయితే ఇంతటితో సరి. తోట ఇంటికి వంద మీటర్ల దూరంలో ఉందనుకోండి. మామూలుగా బజారులో దొరికే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేశామనుకోండి. కరెంటు వెళ్ళి రావాలి కనుక తీగ పొడవు రెండు వందల మీటర్లు. దాని నిరోధం సుమారు 3.5 ఓమ్‌లు. 8.7ను 3.5తో గుణిస్తే 30 వోల్టులు. అంటే ఇంట్లో 230 ఉన్నా తోటలో రంపానికి అందేది 200 మాత్రమే. ఇలాంటి మోటారు శక్తి దాదాపు వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి నాలుగో వంతు బలం తీగలోనే పోయినట్టు.

ఇక సాయంత్రం అందరి ఇళ్ళలో లైట్లు, ఫ్యాన్లు వేసిన వేళ ఊరి చివరి ఇంట్లో వోల్టేజి 190కి పడిపోయిందనుకుందాం. అప్పుడు రంపానికి అందేది 160. సగం బలం పోయింది. దుంగలో రంపం ఇరుక్కుంటుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, మోటారు వేడెక్కి కార్బన్ బ్రష్షులు మాడిన వాసన వస్తుంది. "కంపెనీ మంచిది కాదు" అంటాం. పోయిన శక్తి ఎక్కడికీ పోదు, తీగలో వేడిగా మారుతుంది. పైన చెప్పిన తీగలో సుమారు 260 వాట్ల వేడి పుడుతుంది. తీగను చుట్టగా ఉంచి వాడితే ఆ వేడి బయటకు పోక పైతొడుగు కరిగిపోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే వంద మీటర్లకు తగ్గేది 12 వోల్టులే. కానీ ఆ తీగ ధర కలిపితే చవక రంపం చవక కాకుండా పోతుంది. నా లెక్కలో ఇంటి గోడ నుంచి ముప్పై మీటర్ల లోపు పనికి మాత్రమే కరెంటు రంపం.

ఇంకొకటి. మనది డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి దిగిన కాలువలు, వాటి నుంచి బోదెలు ప్రతి తోటనూ తడుపుతుంటాయి. మన నేల ఏడాదిలో చాలా భాగం తడిగానే ఉంటుంది. మనవాళ్ళు చెప్పుల్లేకుండా దిగుతారు. రంపంతో తన తీగను తానే కోసుకోవడం కరెంటు రంపం వాడేవారికి సాధారణంగా జరిగే ప్రమాదం. తీగను ఎప్పుడూ భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి. ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. ఉండాలి. అది లేని ఇంట్లో, తడి నేల మీద కరెంటు రంపం పెట్టకూడదు. పొలం మోటారు స్టార్టరు నుంచి ఒక ఫేజు లాక్కుని రంపం నడిపే అలవాటు కొందరికి ఉంది. ఆ పని చేసేవారికి దూరంగా నిలబడండి.

గాలివాన మరునాడు

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను సంగతి మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి, మిగిలిన వాటిలో ఎన్నింటికో తలలు విరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. పుంతలన్నీ చెట్లతో మూసుకుపోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా రోడ్ల మీద పడిన చెట్లను తొలగించడమే ముందు పని అయింది. మన నేలలో నీరు పైనే ఉంటుంది కాబట్టి చాలా చెట్ల వేర్లు లోతుకు పోవు. గాలి వస్తే విరగడం కంటే వేళ్ళతో సహా పెకలడమే ఎక్కువ.

ఏడాది మొత్తంలో రంపం అవసరం అన్నింటికంటే ఎక్కువగా పడే రోజు గాలివాన మరునాడు. ఆ రోజున స్తంభాలే పడిపోయి ఉంటాయి. కరెంటు రంపం ఎంత మంచిదైనా ఆ రోజు అటక మీద ఉండవలసిందే. రోడ్డు తెరిస్తే గాని అంబులెన్సు రాదు, పాల వ్యాను రాదు, కరెంటు వాళ్ళూ రారు. కరెంటు రావాలంటే చెట్టు తీయాలి, చెట్టు తీయాలంటే కరెంటు కావాలి అంటే ఇక ఆ ఊరి గతి ఏమిటి? కాబట్టి ఊరికి ఒకటో రెండో పెట్రోలు రంపాలు ఉండి తీరాలి. కోత పనే జీవనంగా పెట్టుకోవాలనుకునే వారు పెట్రోలుదే కొనాలని నేను చెప్పడానికి మొదటి కారణం ఇదే. ఆ నాలుగు రోజుల్లో దొరికే పని మిగతా రోజుల్లో దొరకదు.

అయితే ఆ నాలుగు రోజుల్లోనే ప్రమాదాలూ ఎక్కువ. నిలబడి ఉన్న చెట్టును కోయడం వేరు, గాలికి పడిన చెట్టును కోయడం వేరు. పడిన చెట్టు విల్లులాగా వంగి ఉంటుంది. రెండు చివర్లా ఆని మధ్యలో గాలిలో ఉన్న మానుకు పై భాగం నొక్కుకుపోయి ఉంటుంది, కింది భాగం సాగి ఉంటుంది. ముందుగా నొక్కుకుపోయిన వైపు మూడో వంతు కోసి, తరువాత సాగిన వైపు నుంచి కోయాలి. ఒకే వైపు నుంచి కోసుకుంటూ పోతే రంపం ఇరుక్కుంటుంది, లేదా మాను ఒక్కసారిగా ఎగిరి తగులుతుంది.

ఇంతకంటే భయంకరమైనది వేరు దిమ్మ. పెకలిన చెట్టు మొదట్లో మట్టితో సహా లేచిన గుండ్రటి దిమ్మ ఉంటుంది చూడండి, దాన్ని అలా నిలబెట్టి ఉంచేది మాను బరువే. మానును కోసేయగానే దిమ్మ తిరిగి దభీమని గుంటలోకి పడుతుంది. ఆ గుంట పిల్లలు దాక్కోవడానికి సరదాగా ఉండే చోటు. కాబట్టి కోత మొదలుపెట్టే ముందు గుంటలో ఎవరూ లేరని కళ్ళతో చూడాలి, ఒక మనిషిని కాపలా పెట్టాలి. తీగలు మీద పడి ఉన్న చెట్టును మాత్రం కరెంటు డిపార్టుమెంటు వారు లైను ఆపామని చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఊళ్ళో కరెంటు లేదు కదా అనుకోవద్దు. ఎవరింట్లోనో జనరేటరు నడుస్తుంటే అది వెనక్కి లైనులోకి ఎక్కవచ్చు.

పెట్రోలు రంపం కోరే సేవలు

పెట్రోలు రంపంలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. పాత చేతక్ స్కూటర్లలో, లూనాలలో ఉండేది ఇలాంటిదే. దీనికి విడిగా ఇంజను ఆయిలు పోసే చోటు ఉండదు. పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఎంత కలపాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. మందుల షాపులో దొరికే సిరంజితో కొలిస్తే ఏ గొడవా ఉండదు. చాలామంది చూపు మేరకు పోస్తారు. ఆయిలు తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి స్టార్టు కాదు. ఆయిలు కలపకుండా ఉత్త పెట్రోలు పోస్తే కాసేపటికే ఇంజను పోతుంది. బైకులకు వాడే ఫోర్ స్ట్రోక్ ఆయిలు దీనికి పనికిరాదు. ఇంట్లో కలపని పెట్రోలు సీసా, కలిపిన పెట్రోలు సీసా పక్కపక్కనే ఉంటే కలిపిన దాని మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. చదువు రాని నాన్నకైతే ఎర్ర తాడు కట్టండి.

మరో కొత్త చిక్కు కూడా వచ్చింది. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. 2025 నాటికి దేశంలో అది 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీర ప్రాంతపు గాలిలో తేమకు కొదవ లేదు. నెలల తరబడి ట్యాంకులో వదిలేసిన పెట్రోలులో నీరు చేరి, కార్బొరేటరులోని రబ్బరు పొరలు చెడిపోతాయి. "మొన్న జూన్ లో నడిచింది, ఇప్పుడు తుఫాను రోజున తాడు లాగి లాగి భుజం పడిపోయింది గానీ స్టార్టు కాలేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. పని అయిపోయిన రోజున ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడిపి అప్పుడు దాచాలి. సెప్టెంబరు వచ్చేసరికి ఒకసారి తాజా పెట్రోలు పోసి నడిపి చూడాలి. మన తుఫాన్ల కాలం అక్టోబరు, నవంబరు నెలలు కదా.

ఖర్చు ఉజ్జాయింపుగా వేద్దాం. రోజంతా పని అన్నా రంపం కర్రలో నిజంగా తిరిగేది మూడు గంటలకు మించదు. గంటకు లీటరు చొప్పున మూడు లీటర్లు, లీటరు నూటపది రూపాయల వంతున 330 రూపాయలు. కలిపే ఆయిలు, చైను మీద పడే ఆయిలు లీటరున్నర, అరుగుదల అన్నీ చేరిస్తే ఆరేడు వందలు. ఇదే మూడు గంటలకు 2,000 వాట్ల కరెంటు రంపం తాగేది 6 యూనిట్లు. యూనిటు పది రూపాయలు వేసుకున్నా అరవై. చైను ఆయిలు మాత్రం దానికీ తప్పదు. కాబట్టి పెట్రోలు రంపం పెట్టుకుని కూలి మాట్లాడుకునేవారు ఈ ఆరేడు వందలు ముందుగా తీసి పక్కన పెట్టి, మిగిలినదే తమ కూలి అనుకోవాలి. చాలామంది మొత్తం చేతికొచ్చిందని సంతోషిస్తారు. ఆరు నెలల తరువాత చైను, బారు మార్చవలసి వచ్చినప్పుడు డ్వాక్రా వాయిదా ఆగిపోతుంది.

చైను మీద పోసే ఆయిలుకు బదులు మెకానిక్ షెడ్డులో పారబోసే నల్ల ఆయిలు పోయడం మన దగ్గర మామూలైపోయింది. చవకే గాని అందులో ఇనుప రజను ఉంటుంది. చైను, బారు త్వరగా అరుగుతాయి. పైగా అది చెదిరి పడేది మన తోటలో, మన బోదెలో.

కొబ్బరి మానుకు పళ్ళు అరుగుతాయి

రంపం ఏదైనా కోసేది చైనే. ఇంజను ఎంత పెద్దదైనా పళ్ళు మొద్దుబారితే ఏమీ చేయలేదు. మన ప్రాంతంలో ఈ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. మామిడి, వేప మానుల్లో వలయాలు ఉంటాయి, మధ్యలో చేవ ఉంటుంది. కొబ్బరి, తాడి అలా కాదు. అవి ఏకదళ బీజాలు. బయట అంచు ఇనుములా గట్టిగా ఉండి, లోపలికి పోయే కొద్దీ మెత్తగా, పీచుగా ఉంటాయి. ఆ మానులో ఇసుక జాతి పదార్థమైన సిలికా కూడా ఉండటం వల్ల పళ్ళు త్వరగా అరుగుతాయి. తడి పీచు చైను కింద చుట్టుకుంటుంది. అందుకని కొబ్బరి కోసేటప్పుడు మధ్య మధ్యలో ఆపి, కరెంటు రంపమైతే ప్లగ్గు తీసి, బ్యాటరీదైతే బ్యాటరీ ఊడదీసి, ఆ పీచు లాగేయాలి.

చైనుకు పదును ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. రంపం నుంచి బియ్యపు నూకల్లాంటి ముక్కలు రాలితే పదును ఉన్నట్టు. గోధుమ పిండిలాంటి పొడి రాలితే పదును పోయినట్టు. అప్పుడు నొక్కి కోయడం మానేసి గుండ్రటి ఆకురాయి తీయాలి. చిన్న రంపాల చైనుకు సాధారణంగా 4 మిల్లీమీటర్ల ఆకురాయి, కొంచెం పెద్ద వాటికి 4.8 మిల్లీమీటర్లది వాడతారు. పన్నుకు 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి మాత్రమే, ప్రతి పన్నుకూ ఒకే లెక్కన మూడు నాలుగు సార్లు రాయాలి. ఒక వైపు పళ్ళు ఎక్కువ అరగదీస్తే రంపం వంకరగా కోస్తుంది. నేలను తాకిన రంపానికి ఒక్క క్షణంలో పదును పోతుంది. అందుకే దుంగ కింద ఒక కర్ర పెట్టి పైకి లేపి కోయాలి.

బారు పొడవు దగ్గర కూడా మోసపోతుంటారు. కొబ్బరి మాను మందం ముప్పై, నలభై సెంటీమీటర్లు. సరుగుడు బాదులు అందులో సగం కూడా ఉండవు. దీనికి 16 అంగుళాల బారు చాలు, మహా అయితే 18. బజారులో 58 సీసీ అని రాసి, 22 అంగుళాల బారు తగిలించి చవకగా అమ్మే రంపాలను చూసి మనవాళ్ళు ముచ్చట పడతారు. ఇంజను రాసినంత ఉండకపోవచ్చు, బరువు మాత్రం ఏడెనిమిది కిలోలు ఖాయం. సాయంత్రానికి చేతులు వణుకుతాయి. చేతులు వణికే వేళే కాలు తెగేది.

కాలూ చేయీ

బారు కొనలో పై పావు భాగం ఉంటుంది చూడండి, అది దేనికైనా తగిలితే రంపం మొత్తం ఒక్క ఉదుటున పైకీ వెనక్కీ, మన ముఖం మీదికి లేస్తుంది. న్యూటన్ మూడో నియమానికి ఇంత భయంకరమైన ఉదాహరణ ఇంకొకటి లేదు. మనిషి కళ్ళు మూసి తెరిచే లోపు అయిపోతుంది. అందుకే ముందు పిడిని ఎడమ చేతి బొటనవేలు కిందుగా చుట్టి పట్టుకోవాలి, రంపం ఎదుట కాకుండా కొంచెం పక్కకు నిలబడాలి, భుజం కంటే ఎత్తున కోయకూడదు. ముందు పిడి దగ్గర ఉండే బ్రేకు రెక్క పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవాలి. అది విరిగిపోయిన రంపాన్ని సగం ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

పెట్రోలు రంపం రొద వందకు పైగా డెసిబెల్స్. చెవిలో దూది చాలదు, చెవి కప్పులు కావాలి. మెడలో తువ్వాలు, వదులు లుంగీ, చెప్పులు ఈ పనికి పనికిరావు. కాళ్ళకు కట్టుకునే రక్షణ తొడుగులు దొరుకుతాయి. వాటిలోని పొడవాటి పీచు చైనులో చుట్టుకుని దాన్ని ఆపేస్తుంది. కానీ ఒక తేడా గమనించాలి. ఆ తొడుగులను పెట్రోలు రంపాలను దృష్టిలో పెట్టుకుని చేశారు. కరెంటు మోటారు నెమ్మదించినా బలం కోల్పోదు కాబట్టి వాటి రక్షణ కరెంటు రంపం దగ్గర తక్కువ. చప్పుడు లేదు కాబట్టి కరెంటు రంపం సాధువని అనుకోవడం కూడా పొరపాటు. పెట్రోలుది ఆగితే నిశ్శబ్దమవుతుంది, అందరికీ తెలుస్తుంది. కరెంటుది, బ్యాటరీది నిశ్శబ్దంగానే సిద్ధంగా ఉంటాయి. చేతిలో పట్టుకుని నడుస్తూ మీట మీద వేలు పడితే చాలు.

మన దింపు కార్మికులు ఒక తాడు, ఒక కత్తితో కొబ్బరి చెట్టు ఎక్కి చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కానీ ఏ రంపమూ పట్టుకుని చెట్టు ఎక్కకూడదు. ఇంటి పక్కన ఉన్న చెట్టు తీయాలంటే ముందు కత్తితో మట్టలు, గెలలు దింపి, తల తీసి, తాళ్ళు కట్టి, అప్పుడు కింది నుంచి కోయాలి. పడే వైపున మందంలో పావు వంతు గాడి తీసి, వెనుక నుంచి కొంచెం ఎత్తున కోస్తూ, మధ్యలో పదో వంతు కర్రను తలుపు బందులాగా వదిలేయాలి. ఆ బందు తెగిపోతే చెట్టు తన ఇష్టం వచ్చిన వైపు పడుతుంది. ఇదంతా చదివి సెలవులకు ఇంటికి వెళ్ళి మిషను పట్టుకోమని కాదు. పద్దెనిమిది నిండని వారు అసలు పట్టకూడదు. నాన్న దగ్గర నిలబడి ఈ విషయాలు చదివి వినిపించడం మాత్రం మన పనే.

మరి ఏది కొనాలి?

ఇంటి పెరట్లో జామ, మునగ, గన్నేరు కొమ్మలు కొట్టుకునే వారికి, నర్సరీలో షెడ్ల దగ్గర పని ఉన్నవారికి కరెంటు రంపం చాలు. ఏడాదికి పది రోజులు వాడే వస్తువుకు ఇరవై వేలు దాటి పెట్టడం అనవసరం. కొబ్బరిలో అంతర పంటగా వేసిన కోకో కొమ్మలకు అసలు ఏ మిషనూ వద్దు. పదునైన చేతి రంపం, కత్తెర చాలు. కోకోకు గాయం శుభ్రంగా ఉండాలి.

బ్యాటరీ రంపం సంగతి అడుగుతారు. 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండే శక్తి 144 వాట్ అవర్లు. 1,000 వాట్లు లాగే రంపం గట్టిగా నడిస్తే తొమ్మిది నిమిషాలకు అయిపోతుంది. ఆపి ఆపి కొమ్మలు కోస్తే అరగంట వస్తుందేమో. తీగ లేదు, పొగ లేదు, తడి నేలలో భయం తక్కువ. తోట చూసుకునే రైతుకు ఇది మంచిదే. కోత కూలికి మాత్రం కాదు. రెండో బ్యాటరీ ధర విన్నాక చాలామంది ఆశ వదులుకుంటారు.

కొబ్బరి, సరుగుడు, సుబాబుల్ కోత మీద బతకాలనుకునే వారికి 40, 45 సీసీల, 16 లేదా 18 అంగుళాల పెట్రోలు రంపం. రాజమహేంద్రవరం పేపరు మిల్లుకు పోయే సరుగుడు, సుబాబుల్ కర్ర సన్నగానే ఉంటుంది కాబట్టి ఆ పనికి తేలిక రంపమే లాభం. కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు తొలిచి చచ్చిపోయిన కొబ్బరి మోళ్ళను తోటలో వదిలితే ఆ పురుగులు అక్కడే పెరిగి పక్క చెట్లకు పాకుతాయి. గానోడెర్మా తెగులుతో పోయిన చెట్టును మొదలుతో సహా తీయాలని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వంటి చోట్ల చెబుతుంటారు. కాబట్టి మంచి రంపం ఉన్న మనిషికి కోనసీమలో తుఫాను లేని ఏడాదిలో కూడా పని ఉంటుంది.

పని ఒప్పుకునే ముందు ఒక సంగతి చూసుకోవాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా చట్టం ప్రకారం సొంత భూమిలో చెట్టుకు కూడా అనుమతి అవసరం కావచ్చు. కాలువ గట్టు, రోడ్డు పక్క చెట్లు ప్రభుత్వానివి. "నేను చూసుకుంటాను, నువ్వు కోసేయ్" అన్న ఆసామి ఆ తరువాత కనపడడు. పట్టుబడేది మిషను, కేసు పడేది మిషను పట్టుకున్న వాడి మీద. రిజర్వు ఫారెస్టులోనైతే ఇక చెప్పనక్కర లేదు. అనుమతి కాగితం జిరాక్సు చేతిలో పడ్డాకే తాడు లాగాలి.

దుకాణానికి వెళ్ళిన రోజున మిషనును చల్లగా ఉన్నప్పుడే మన చేత్తో స్టార్టు చేసి చూడాలి. వేడి చేసి ఉంచిన ఇంజను ఎవరు లాగినా లేస్తుంది. దాంతోపాటు రెండు చైన్లు, ఆకురాయి, చెవి కప్పులు, కళ్ళద్దాలు కలిపి ఎంతవుతుందో అడగాలి. ఆ చైను, ఆ బారు, ఆ కార్బొరేటరు కిట్టు రాజమహేంద్రవరంలోనో, అమలాపురంలోనో, భీమవరంలోనో విడిగా దొరుకుతాయో లేదో డబ్బు కట్టకముందే తెలుసుకోవాలి.